నాలుగు గాజు పెంకులు

నేను నీడలు కొలిచి బతుకుతాను. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఏలూరులో డాబాల మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టే ఒక చిన్న కంపెనీలో సర్వేయరుని, అంతే. ఎవరి డాబా మీద ఎంత ఎండ పడుతుంది, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పడుతుంది, ఏ పక్కింటి ట్యాంకు ఆ ఎండకి అడ్డొస్తుంది, ఇవన్నీ చూసి రిపోర్టు రాసివ్వాలి.

"ఏలూరులో ఎండకి కరువేంటయ్యా, దాన్నీ కొలవాలా?" అని చాలామంది వెటకారం చేస్తారు. మే నెలలో అడిగితే నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను. డిసెంబరులో రమ్మనండి. కొల్లేరు వైపు నుంచి లేచిన మంచు తొమ్మిదిన్నర దాకా ఊరిని వదలదు. ఆ తర్వాత సూర్యుడు దక్షిణానికి వాలి, ఏ అపార్ట్‌మెంటు వెనకో నక్కి నక్కి నడుస్తాడు. మేడల మధ్య ఇరుక్కున్న ఇంటికి రోజుకి నాలుగు గంటల ఎండ దొరికితే గొప్ప. అలాంటి ఇళ్ళకి సోలార్ పనికిరాదని మా మేనేజరు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. పనికొస్తుందని నిరూపించడం నాకో సరదా. ఆ సరదాయే నా కొంప ముంచింది. నా కొంప మునిగితే పోనీ అనుకోవచ్చు, మునిగింది మా మామూ కొంప.

తంగెళ్ళమూడిలో ఫణీంద్ర గారని కామర్స్ లెక్చరరు. రెండంతస్తుల ఇల్లు. తూర్పున ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, దక్షిణం అంచున వాళ్ళ మెట్ల గది, దాని నెత్తిన నీళ్ళ ట్యాంకు. పోయిన మే నెలలో సర్వేకి వెళ్ళాను. అది నేను ఒంటరిగా చేసిన మొదటి సర్వే.

"మా ఇంటికి ఎండ సరిపోతుందంటారా అండీ? ఇదివరకు ఇద్దరొచ్చి పెదవి విరిచి వెళ్ళిపోయారు," అన్నారు ఆయన నా నెత్తి మీద గొడుగు పట్టి.

"చేద్దామండీ," అన్నాను హుషారుగా.

ఫోనులో మాకో యాప్ ఉంటుంది. తేదీ మారిస్తే ఆ రోజు నీడలు ఎక్కడెక్కడ పడతాయో గీసి చూపిస్తుంది. డిసెంబరు ఇరవై ఒకటికి తిప్పాను. ప్యానెళ్ళని డాబా మీద మామూలుగా పరిస్తే మెట్ల గది నీడ తప్పించుకుని ఆరే పడతాయి. ఉత్తరం అంచుకి జరిపి, తొమ్మిదడుగుల ఇనప స్తంభాల మీదికి లేపితే ఎనిమిది పడతాయి, వాటి మీద ఏ నీడా ఉండదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. కింద బట్టలు కూడా ఆరేసుకోవచ్చని చెప్పాను.

అప్పుడే స్క్రీను మీద ఇంకోటి కనపడింది. ఎత్తున ఉన్న ఆ ప్యానెళ్ళ నీడ ఉత్తరం వైపు సందు దాటి, అవతలి పెంకుటింటి కప్పు మీద పడుతోంది. ఆ కప్పులో మట్టి పెంకుల మధ్య నాలుగు గాజు పెంకులున్నాయి. నీడ సరిగ్గా వాటి మీదుంది.

ఆ ఇల్లు ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను ఆ ఇంట్లోనే నడక నేర్చుకున్నాను. అది మా మామూ, అంటే మా అమ్మకి అన్నయ్య, ఇమాం సాహెబ్ ఇల్లు. ఆయన ఊలు తివాచీలు నేస్తాడు. ఆ నాలుగు పెంకుల కిందే ఆయన మగ్గం.

ఫణీంద్ర గారు కూడా అంచు దగ్గరికొచ్చి కిందకి చూశారు. "నౌషాద్ గారూ, ఇంత ఎత్తు లేపితే ఆ వెనకింటివాళ్ళకి ఏమైనా ఇబ్బంది అవుతుందా అండీ?"

"ఏం అవదండీ," అన్నాను. "చూడండి, ఇప్పుడు నీడెక్కడుంది?"

మిట్టమధ్యాహ్నం, మే నెల. నీడ మా కాళ్ళ కిందే ఉంది. ఆయన తృప్తిపడి తలూపారు. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. మా రిపోర్టులో ప్యానెళ్ళ మీద పడే నీడ గురించి రాయడానికి గడి ఉంది. ప్యానెళ్ళ వల్ల పడే నీడకి గడి లేదు. లేని గడిలో ఎలా రాస్తామని నాకు నేను చెప్పుకున్నాను. చలికాలం రెండున్నర నెలలే కదా అని కూడా చెప్పుకున్నాను. పనికిరాదన్న మేనేజరు మొహం మీద ఎనిమిది ప్యానెళ్ళ రిపోర్టు పెట్టాలన్న ఉబలాటం మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

మా మామూ పని గురించి కొంచెం చెప్పాలి. నిలువు మగ్గం ఎదురుగా పలక మీద కూర్చుని, పైనుంచి కిందికి బిగించిన పడుగు దారాలకి ఒక్కొక్క ఊలు ముడీ వేసుకుంటూ పోవడమే ఆయన పని. ఒక వరస ముళ్ళు వేసి, ఇనప పళ్ళ దువ్వెనతో కొట్టి, మళ్ళీ వరస. ముడి పొద్దున వేసినా సాయంత్రం వేసినా ఒకటే. ఏ రంగు ఏదో పోల్చి పట్టడం మాత్రం అలా కాదు. పది నుంచి రెండు లోపల, గాజు పెంకుల్లోంచి ఎండ చాప మీద నాలుగు పలకలుగా పడ్డప్పుడు, ఆ ఎండలో చిలపలు, అంటే ఊలు కట్టలు, పరిచి, ఆ రోజుకి కావలసిన రంగులు విడదీసి, వరసలో తగిలించుకోవాలి. ఆ పెంకులు వాళ్ళ నాన్న పెట్టించినవి. "దీపం కింద రంగు పట్టకూడదురా, దీపం అబద్ధాలు చెబుతుంది," అని నా చిన్నప్పుడు మామూ నా చేతిలోంచి చిలప లాక్కునేవాడు.

పోయిన వేసవిలోనే ఆయనకి మంచి ఆర్డరు వచ్చింది. తాడేపల్లిగూడెంలో మణెమ్మ గారని రిటైరైన టీచరు, వాళ్ళ చర్చిలో ప్రభువు బల్ల ముందు పరవడానికి తివాచీ కావాలని వచ్చారు. క్రిస్మస్‌కి ఇవ్వాలి. నడిమి అంతా దానిమ్మ ఎరుపు, చుట్టూ అంచుకి ఇటుక ఎరుపు. రెండు ఎరుపులూ పక్కపక్కనే ఉంటే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, ఎండలో చూస్తేనే ఎవరు ఎవరో తెలుస్తుంది. మామూ అరవై ఎనిమిదేళ్ళ వయసులో పెళ్ళికొడుకులా తిరిగాడు ఆ నెలంతా.

జూన్‌లో ఫణీంద్ర గారింటి మీద ప్యానెళ్ళు లేచాయి. జూన్ గడిచింది, వానలు గడిచాయి, దసరా గడిచింది. నేను మామూ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ముందు కప్పు వైపు చూసేవాణ్ణి. నవంబరు రెండో వారంలో నీడ వచ్చి పెంకుల మీద కూర్చుంది. యాప్ చెప్పిన రోజుకి ఒక్క రోజు తేడా లేదు.

"ఏంటోరా, ఈ ఏడు మబ్బులు వదలట్లేదు," అన్నాడు మామూ. సందులో చలికాలమంతా మేడల నీడే, ఇంట్లోంచి చూస్తే ఎండో మబ్బో తెలియదు.

నేనేం చేశానో తెలుసా? మర్నాడు కొత్త ఎల్ఈడీ ట్యూబ్‌లైటు కొనుక్కొచ్చి మగ్గం మీద నా చేత్తో బిగించాను. మామూ మొహం వెలిగిపోయింది. "నౌషాదూ, నువ్వు ఉన్నావు కాబట్టి సరిపోయిందిరా," అన్నాడు. గౌసియా మామీ ఆ రోజు నాకు సేమియా చేసి పెట్టింది. సిగ్గు లేకుండా రెండుసార్లు పెట్టించుకు తిన్నాను.

డిసెంబరు మొదటి వారంలో మణెమ్మ గారు పని చూడ్డానికి వచ్చారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పాస్టరు గారికి చూపిస్తానని ఫోనుతో ఫొటో తీశారు. ఫ్లాష్ మెరిసింది. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశారు.

"ఇమాం గారూ, ఏమనుకోకండి. ఇక్కడ మధ్యలో రంగు మారినట్టుంది, డిజైనేనా అండీ?"

ఫొటోలో దానిమ్మ ఎరుపు మధ్య నాలుగు వేళ్ళ వెడల్పున ఇటుక ఎరుపు పట్టీ స్పష్టంగా ఉంది. అది పన్నెండు రోజుల పని. మామూ ఫొటో చూశాడు, తివాచీ చూశాడు, ముక్కు ఆనించి మళ్ళీ చూశాడు. ట్యూబ్‌లైటు కింద ఆయనకి ఏమీ కనపడలేదు. యాభై ఏళ్ళలో ఆయన రంగు తప్పడం ఎవరూ చూడలేదు. "పొరపాటైందండీ, సరిచేస్తాను," అన్నాడు.

ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వయసుకి తగ్గట్టు కొంచెం పొర ఉంది, ఇప్పుడప్పుడే ఆపరేషను అక్కర్లేదు అన్నాడట డాక్టరు. మామూకి పొర అన్న మాటొక్కటే వినపడింది. శనివారం నాకు ఫోను చేశాడు.

"రేపు వీలు చూసుకుని రారా. మగ్గం విప్పేద్దాం. ఇంక చాలు."

"ఎందుకు మామూ, డాక్టరు బాగానే ఉందన్నాడు కదా?"

"వాళ్ళు అలాగే అంటారు. ఎదురుగా ఉన్న ఎరుపు కనపడనివాడు ఇంకేం నేస్తాడు? కళ్ళు పోయాయిరా నాకు."

ఆ క్షణంలో చెప్పొచ్చు. ఒక్క మాట. నేను చెప్పలేదు. "సరే మామూ, వస్తాను," అన్నాను.

ఆదివారం పదకొండింటికి పానా, కత్తి పట్టుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర మామీ ఆపింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ మామూకి కొంచెం చెప్పరా. నాలుగు రోజులుగా కళ్ళు మూసుకుని మసీదుకి నడుస్తున్నారు. గోడ పట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటున్నారు. ఎందుకండీ అంటే, పూర్తిగా పోకముందే అలవాటు చేసుకోవాలి కదా అంటున్నారు."

కత్తి చేత్తో పట్టుకునే లోపలికి వెళ్ళాను. లోపల ఆయన పలక మీద కూర్చుని నేసిన తివాచీని అరచేత్తో నిమురుతున్నాడు. పైన నాలుగు పెంకులూ మసిబట్టినట్టున్నాయి.

"ముందు పడుగు కోసెయ్. నేసినంత వరకు ఆవిడకి ఇచ్చేద్దాం, ఏదో ఒకదానికి పనికొస్తుంది. నాకు చెయ్యి రావట్లేదు, నువ్వు కొయ్యి," అన్నాడు.

కోశాను. చెబుతున్నాను కదా, కోశాను. బిగించి ఉన్న దారం కత్తి తగలగానే టప్‌మని తెగి వెనక్కి చుట్టుకుంటుంది. తెగిన ప్రతిసారీ మామూ కనురెప్పలు కొట్టుకున్నాయి. ఒక్కో దారానికీ ఇప్పుడు చెప్పేస్తాను, ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంటూనే నూట పన్నెండు దారాలు కోశాను. ఇంత పిరికితనం నాలో ఉందని నాకు అంతకుముందు తెలియదు.

"ఆ చిలపలు కూడా కట్టేసెయ్," అన్నాడు మామూ. "ఎరుపులు రెండూ వేరువేరుగా కట్టరా, నాకు తెలియట్లేదు. నీవి పడుచు కళ్ళు."

రెండు చిలపలు తీసి ట్యూబ్‌లైటు కింద పట్టుకున్నాను. ఎడం చేతిలోది దానిమ్మా, కుడి చేతిలోదా? దగ్గరగా చూశాను, దూరంగా చూశాను. ఇరవై ఏడేళ్ళ పడుచు కళ్ళకి కూడా రెండూ ఒకటే. నేను తెచ్చి, నేను బిగించిన దీపం కింద ఏ మనిషికీ ఆ తేడా తెలియదు.

ఒళ్ళో ఉన్న కత్తి కింద పడేసి, చిలపలు రెండూ చంకలో పెట్టుకున్నాను. మామూ చెయ్యి పట్టుకున్నాను.

"లేవండి మామూ. నాతో రండి."

"ఎక్కడికిరా?"

"పైకి. ఎదురు డాబా మీదికి."

సందు దాటి ఫణీంద్ర గారి తలుపు కొట్టాను. ఆయన పేపరు చేతిలో పట్టుకునే తలుపు తీశారు. "రెండు నిమిషాలండీ, డాబా మీదికి వెళ్ళొస్తాం," అంటే, మా వాలకం చూసి ఏం అడక్కుండా ఆయనా వెనకే వచ్చారు. మెట్లెక్కేటప్పుడు మామూ గోడ పట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. ఇక్కడ కూడా లెక్కపెడుతున్నాడు.

పైన ఎండ కాస్తోంది. నా చంకలో ఉన్న చిలపలు రెండూ తీసి ఆయన చేతిలో పెట్టాను. మామూ కళ్ళు చిట్లించి కిందకి చూశాడు.

"ఇది దానిమ్మ, ఇది ఇటుక," అన్నాడు. ఎవరో పేరడిగితే చెప్పినట్టు మామూలుగా అనేశాడు. తర్వాత ఆగిపోయాడు. చేతులు మార్చి మళ్ళీ చూశాడు. "ఇది దానిమ్మ. ఇది ఇటుక. ఒరే! తెలుస్తోందిరా! నౌషాదూ, నాకు తెలుస్తోంది!"

ఆయన మొహంలో ఆ సంతోషం చూడటం కంటే చెంప పగిలేలా కొట్టించుకోవడం నయం. చిన్నపిల్లాడిలా ఒకటికి నాలుగుసార్లు ఆ చిలపలు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఫణీంద్ర గారికి కూడా చూపించాడు. "చూడండీ, వేరే కదండీ ఇవి?" "వేరేనండీ," అన్నారు ఆయన అయోమయంగా.

"మామూ, మీ కళ్ళకేం కాలేదు," అన్నాను. "అటు చూడండి."

డాబా అంచు నుంచి సందు అవతలికి చూపించాను. మా నెత్తి మీద ఉన్న ఎనిమిది ప్యానెళ్ళ నీడ ఆయన ఇంటి కప్పు మీద నల్లటి దుప్పటిలా పరుచుకుని ఉంది. చుట్టూ పెంకులన్నీ ఎండలో ఉన్నాయి. గాజు పెంకులు నాలుగూ నీడలో ఉన్నాయి.

"వీటిని ఇంత ఎత్తున పెట్టించింది నేనే. చలికాలంలో నీడ అక్కడ పడుతుందని నాకు మే నెలలోనే తెలుసు. ఫోనులో చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. మబ్బులు కావు మామూ, మీ కళ్ళూ కాదు. నేను."

ముందు నోరు విప్పింది ఫణీంద్ర గారు. ఆయన కోప్పడలేదు, అదే ఇంకా చచ్చేలా చేసింది.

"ఆ రోజు నేను అడిగాను కదండీ మిమ్మల్ని," అన్నారు.

"అడిగారండీ. అబద్ధం చెప్పాను."

మామూ ఆ నీడనే చూస్తున్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనిపించింది. చివరికి నా వైపు తిరిగి, "ఎన్నాళ్ళుంటుంది ఇది?" అని అడిగాడు.

"జనవరి నెలాఖరు దాకా."

"అయితే నాలుగు రోజులుగా నేను గుడ్డివాడిలా నడిచింది ఊరికేనన్నమాట."

అంతే అన్నాడు. చిలపలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. నేను పైనే ఉండిపోయాను. కింద తలుపు తెరుచుకుని మామూ సందులోకి వచ్చాడు. వస్తూనే ఎడం చెయ్యి గోడ మీదికి పోయింది. రెండడుగులు అలాగే వేసి, గుర్తొచ్చి, ఆ చేతిని తీసి లాల్చీ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి చూశాడు.

"అక్కడేం చేస్తున్నావురా? దిగు. నువ్వు కోసిన పోగులు నువ్వే ముడెయ్యాలి."

నూట పన్నెండు పోగులు. తెగిన ప్రతి దారానికీ కొత్త దారం అతికి, ముడి బయటికి కనపడకుండా బిగించి మళ్ళీ మగ్గానికి ఎక్కించాలి. నాలుగు రోజులు సెలవు పెట్టి చేశాను. తప్పు పట్టీ ముళ్ళన్నీ మామూ తనే విప్పాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ ట్యూబ్‌లైటు నేనే పీకేశాను. ఎరుపులు విడదీయాల్సినప్పుడల్లా ఇద్దరం ఫణీంద్ర గారి డాబా ఎక్కేవాళ్ళం. ఆయన మాకోసం అక్కడ చాప వేసి ఉంచేవారు.

ఆఫీసులో జరిగినదంతా రాసిచ్చాను. మేనేజరు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఉద్యోగం మాత్రం పీకలేదు, ఒంటరి సర్వేలు ఆపేశాడు. ఫణీంద్ర గారు రెండు ప్యానెళ్ళు తీసేయించి, ఆరింటిని కిందికి దించడానికి ఒప్పుకున్నారు. "మా ఇంటికి ఎంత ఎండ వస్తే అంతే వాడుకుంటామండీ," అన్నారు. దించేసరికి జనవరి పదో తారీఖు అయింది. ఆ మధ్యాహ్నం చాప మీద నాలుగు ఎండ పలకలు పడితే గౌసియా మామీ వచ్చి వాటి మధ్యలో కూర్చుంది.

తివాచీ క్రిస్మస్‌కి అందలేదు. మణెమ్మ గారు వచ్చినప్పుడు నేను చెప్పబోయాను. "పొరపాటు నాదేనండీ, ఆలస్యమైంది," అని మామూ నా మాటకి అడ్డం వచ్చి, "నువ్వెళ్ళి టీ పట్రారా," అని నన్ను బయటికి పంపేశాడు. ఫర్వాలేదండీ, ఈస్టర్‌కి పరుద్దాం అన్నారట ఆవిడ. టీ పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ వేరే సంగతులు మాట్లాడుకుంటున్నారు. ఆ చర్చిలో తివాచీ వెనక్కి తిప్పి చేత్తో తడిమితే నా ముళ్ళు తగులుతాయి. ఎవరూ తిప్పరు.

మామూ నాతో మునుపటిలాగే ఉంటాడు. జోకులు వేస్తాడు, పెళ్ళెప్పుడురా అంటాడు. కానీ శుక్రవారం ఇద్దరం మసీదుకి బయల్దేరినప్పుడు చూస్తాను, ఆయన పెదవులు సన్నగా కదులుతుంటాయి.

"ఇంకా ఎందుకు మామూ?" అని ఒకసారి అడిగాను.

"మర్చిపోదామనే చూస్తున్నానురా, అవట్లేదు," అని నవ్వాడు. "ఒకసారి కాళ్ళకి పట్టేశాక పోదనుకుంటా."

మామూ గుమ్మం నుంచి మసీదు మెట్టు దాకా నూట నలభై రెండు అడుగులు. వెనక నడుస్తూ నేనూ లెక్కపెడతాను.